అట్లాంటిస్ లేచింది: సునీత కిందికి దిగేదాకా ఇదే థ్రెడ్

రాత్రిడ్యూటీ (హైదరాబాద్) | 9 జూన్ 2007, ఉదయం 5:34

లేచింది! నాసా స్పేస్ షటిల్ అట్లాంటిస్, మన టైం 5:08కి. క్యాబ్ దిగి, బూట్లు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నా. వీడియో ఆగుతూ ఆగుతూ వచ్చింది గానీ ముఖ్యమైనవి దక్కాయి. రెండు నిమిషాలకి పక్కనున్న బూస్టర్లు రెండూ విడిపోయాయి. ఎనిమిదిన్నర నిమిషాలకి ఇంజన్లు ఆగాయి, అప్పటికే కక్ష్యలో ఉన్నారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు కోసం నేను అంతకంటే ఎక్కువసేపే నిలబడతా.

నిజానికి ఇది మార్చిలో వెళ్లాల్సింది. ఫిబ్రవరి 26న లాంచ్‌ప్యాడ్ మీద వడగళ్ల వాన పడి, పెద్ద ట్యాంకు పైనున్న నురుగు పూత నిండా సొట్టలు పడ్డాయి. మళ్లీ షెడ్డుకి తీసుకెళ్లి మాసికలు వేసి తెచ్చేసరికి ఇన్నాళ్లు పట్టింది. వడగళ్లకి మన దగ్గర మామిడి రాలుతుంది, అక్కడ షటిల్ ఆగింది.

లోపల ఏడుగురు. వచ్చేటప్పుడూ ఏడుగురే, కానీ అదే ఏడుగురు కాదు. క్లేటన్ ఆండర్సన్ పైన ఉండిపోతాడు, డిసెంబరు నుంచి స్పేస్ స్టేషన్లో ఉన్న సునీతా విలియమ్స్ అతని బదులు దిగుతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. 2003 ఫిబ్రవరి 1, శనివారం. రాత్రి అన్నం ముందు కూర్చుని టీవీ పెట్టా. కొలంబియా షటిల్లో కల్పనా చావ్లా వస్తుందని చూద్దామనుకుంటే ఆకాశంలో తెల్లటి గీత నాలుగైదు గీతలై పోతోంది. ఆ తర్వాత షటిళ్లు నాలుగుసార్లు క్షేమంగా దిగాయి. ఒక్కటీ లైవ్ చూడలేదు, మర్నాడు పేపర్లో చూసుకున్నా. ఈసారి చూద్దామని ఉంది. ఎవరైనా తోడుంటారా?

లెక్కలమాస్టారు (తెనాలి) | 9 జూన్, ఉదయం 7:10

ఉంటాం నాయనా. రిటైరయ్యాక నాకు రాత్రి నిద్ర ఎటూ లేదు.

ఇవాళంతా వాళ్లకి తనిఖీ పని. షటిల్‌కి ఉన్న రోబో చెయ్యి 15 మీటర్లు, దాని చివర ఇంకో 15 మీటర్ల కర్ర, ఆ కర్ర కొసన కెమెరా, లేజరు. దాంతో రెక్కల అంచులు, ముక్కు అంగుళం అంగుళం తడిమి చూస్తారు. కొలంబియా ముక్కలయ్యాక వచ్చిన అలవాటు ఇది. అప్పుడు లేచిన 82 సెకన్లకి ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకి తగిలింది. ముక్క బరువు కిలో కూడా లేదు. పైన ఉన్న పదహారు రోజుల్లో ఎవరూ ఆ రెక్కని చూడలేదు, షటిల్లో చూసే సాధనమూ లేదు.

సూళ్లూరుపేట_చిన్నోడు | 9 జూన్, ఉదయం 8:45

మేమూ వచ్చేశాం! ఏప్రిల్ 23న పీఎస్‌ఎల్‌వీ లేచినప్పుడు మా డాబా మీద నిలబడే చూశా, కిటికీ రెక్కలు టకటకలాడాయి. షటిల్ అంటే మనుషులున్న రాకెట్టు, మా ఊళ్లో అయితే ఆ రోజు ఎవరూ అన్నం తినరు.

మాస్టారూ, వెళ్లాక ఏం పని చేస్తారక్కడ?

లెక్కలమాస్టారు | 9 జూన్, ఉదయం 9:02

ఇల్లు కట్టే పని. 16 టన్నుల దూలం ఒకటి పట్టుకెళ్తున్నారు, దానిలో ఒక జత సోలార్ రెక్కలు మడిచి ఉంటాయి. స్టేషన్‌కి కుడి వైపు బిగించి విప్పాలి. పాత రెక్క ఒకటి అడ్డం కాబట్టి దాన్ని మడవాలి. విప్పడం తేలికే. మడవడమే కష్టం, మీ అమ్మగారు పట్టుచీర మడత పెట్టడం చూశావుగా.

రాత్రిడ్యూటీ | 10 జూన్, ఉదయం 6:20

ఒక చిక్కు. తోక దగ్గర ఎడమ వైపు ఉబ్బెత్తుగా ఉండే ఇంజను గూడు మీద వేడిని ఆపే దుప్పటి ఒక మూల లేచిపోయింది. ఫోటోలో స్పష్టంగా కనబడుతోంది, గోడ మీద కాలెండరు కాగితం లేచినట్టు. పది సెంటీమీటర్లు బై పదిహేను అంటున్నారు.

నాకు కడుపులో తిప్పుతోంది.

ఓరుగల్లు_పద్మ | 10 జూన్, ఉదయం 9:15

నేను కొత్త మెంబర్ని, నర్సుగా చేస్తా. దుప్పటి అంటే నిజంగా దుప్పటేనా? నిప్పుకి దుప్పటి ఎట్ల ఆగుతది?

లెక్కలమాస్టారు | 10 జూన్, ఉదయం 10:40

పద్మమ్మా, మన బొంత ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, మధ్యలో దూదిలాంటి పీచు, పైనుంచి కింది దాకా అడ్డంగా నిలువుగా కుట్లు. కాకపోతే గుడ్డ, పీచు, దారం అన్నీ సిలికాతో చేసినవి, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. షటిల్ కింది భాగానికి మాత్రం పెంకులు, రెక్కల అంచులకి కార్బన్ పలకలు. అక్కడ 1650 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వెనకున్న ఆ గూటి మీద అందులో మూడో వంతు ఉంటే ఎక్కువ.

అందుకని రాత్రిడ్యూటీ బాబూ, ఇది కొలంబియా కాదు. అక్కడ దెబ్బ తగిలింది మంట నేరుగా కొట్టే చోట. ఇక్కడ బొంత పోతే కింద చట్రం కాలి రిపేరు ఖర్చు పెరుగుతుందని వాళ్ల దిగులు. అలాగని వదిలేసే రకాలు కూడా కాదు, 2003 తర్వాత.

పాయింట్‌బ్లాంక్ | 10 జూన్, ఉదయం 11:58

అందరూ సునీత సునీత అంటున్నారు. ఆవిడ పుట్టింది ఒహాయోలో, పని చేసేది అమెరికా నేవీలో. నాన్నగారు గుజరాతీ, అమ్మగారు స్లొవేనియా వాళ్లు. మనకెందుకు ఇంత సంబరం? స్లొవేనియా వాళ్లు కూడా ఇలాగే థ్రెడ్లు నడుపుతున్నారా?

ఓరుగల్లు_పద్మ | 10 జూన్, మధ్యాహ్నం 1:20

నడిపితే నడపనియ్యండి, వద్దన్నదెవరు? ఆమె చిన్న వినాయకుడిని, భగవద్గీతని, సమోసాలని పైకి పట్టుకపోయింది. ఏప్రిల్‌ల బోస్టన్ మారథాన్ పరిగెత్తింది, స్టేషన్లనే ట్రెడ్‌మిల్ మీద, నాలుగు గంటల 24 నిమిషాలు. ఎవరో తెలిసిన అమ్మాయి ఊరికి పోయి తిరిగొస్తున్నట్టు ఉంది, అందుకే చూస్తున్న. పాస్‌పోర్టు ఎవరు అడిగిన్రు?

రాత్రిడ్యూటీ | 10 జూన్, మధ్యాహ్నం 1:31

పాయింట్‌బ్లాంక్ అన్నా, లెక్క చూసుకుంటే 1984లో వెళ్లిన రాకేశ్ శర్మ మన నిజాం కాలేజీలో చదివిన మనిషి. అది పట్టుకుని కాలరెగరేసుకో, మేం ఏమీ అనుకోం.

మోడరేటర్ | 10 జూన్, మధ్యాహ్నం 2:05

“సునీతకు ప్రాణగండం?” అనే థ్రెడ్‌ని మూసేశాను. అందులో ఏదో టీవీ ఛానల్లో చూసింది తప్ప ఇంకేం లేదు. పౌరసత్వం గొడవ ఇక్కడితో ఆపండి. షటిల్ గురించి రాయండి.

రాత్రిడ్యూటీ | 11 జూన్, తెల్లవారుజాము 1:25

ఆదివారం సెలవు కాబట్టి పూర్తిగా చూశా. 1:06కి అతుక్కుంది. దానికి గంట ముందు చేసే పల్టీ చూశారా ఎవరైనా?

షటిల్ స్టేషన్‌కి 180 మీటర్ల కిందికి వచ్చి ఆగింది. ఆగింది అంటే ఆగినట్టు కనబడింది, రెండూ గంటకి 28 వేల కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉన్నాయి. అప్పుడు మెల్లగా వెనక్కి మొగ్గ వేసింది. ముక్కు పైకి లేచింది, పొట్ట చూపించింది, తోక వచ్చింది, మళ్లీ వీపు. ఎనిమిది నిమిషాలు. ఆ కాసేపట్లో స్టేషన్లో వాళ్లు కిటికీ దగ్గర నిలబడి 400, 800 మిల్లీమీటర్ల లెన్సులతో పొట్ట మీద పెంకులన్నీ ఫోటోలు తీశారు. కింద నీలం రంగు సముద్రం, దాని మీద నల్లటి పొట్ట. అంత బరువైనది అంత నెమ్మదిగా తిరుగుతుంటే మా అమ్మ లేచొచ్చి వెనక నిలబడింది. “దిష్టి తగుల్తుంది, ఎవరూ చూడకుండా తిప్పితే బాగుండు” అంది.

లెక్కలమాస్టారు | 11 జూన్, ఉదయం 6:00

బాగా చూశావు. ఇంకో చిన్న విషయం. తలుపులు తెరిచాక మొదట చేసే పనుల్లో ఒకటి సీటు మార్పిడి. స్టేషన్‌కి రష్యా వాళ్ల చిన్న నౌక సోయజ్ ఒకటి ఎప్పుడూ తగిలించి ఉంటుంది, ప్రమాదం వస్తే పారిపోవడానికి. అందులో ఒక్కొక్కరికీ వాళ్ల ఒంటి అచ్చుతో పోసిన సీటు పరుపు ఉంటుంది. సునీత పరుపు తీసి ఆండర్సన్‌ది పెట్టారంటే ఆ క్షణం నుంచి అతను స్టేషన్ మనిషి, ఆమె షటిల్ మనిషి. సంతకాలు లేవు, పరుపు మారింది అంతే.

సూళ్లూరుపేట_చిన్నోడు | 12 జూన్, ఉదయం 9:30

మొదటి స్పేస్‌వాక్ అయింది, రైలీ, ఒలీవాస్ చేశారు, దూలం బిగించేశారు. బొంత కుట్టడం కోసం యాత్ర ఇంకో రెండు రోజులు పొడిగించారట. పదకొండు రోజులు కాస్తా పదమూడు. ఎలా కుడతారో ఇంకా తేల్చలేదు. హ్యూస్టన్ కంట్రోల్ సెంటర్లో ఒక గది నిండా ఇంజనీర్లు సూదీ దారం పట్టుకుని కూర్చున్నారేమో!

రాత్రిడ్యూటీ | 14 జూన్, సాయంత్రం 4:50

బొంత సంగతి పక్కన పెట్టండి, కొత్త టెన్షన్. స్టేషన్లో రష్యన్ల వైపు కంప్యూటర్లు పడిపోయాయి. మూడు, మూడు, మొత్తం ఆరు. జర్మనీలో తయారైనవి. ఒకటి పోతే ఇంకోటి, అదీ పోతే మూడోది అని పెట్టుకున్నారు, అన్నీ కలిసే పోయాయి. స్టేషన్‌ని సరైన దిక్కుకి తిప్పి నిలబెట్టే రష్యన్ థ్రస్టర్లు వీటి చేతిలోనే ఉంటాయి. ప్రస్తుతానికి అమెరికన్ల గైరోస్కోపులు, అంటే గిర్రున తిరిగే చక్రాలు, నెట్టుకొస్తున్నాయి, వాటికి భారమైనప్పుడు అట్లాంటిస్ తన చిన్న ఇంజన్లతో సాయం పడుతోంది. ఈ గొడవలో ఒకసారి నిప్పు అలారం కూడా మోగింది, ఉత్తుత్తిదే.

మాస్కో నుంచి ఏం చెబుతున్నారో తెలుసా? ఆపి మళ్లీ ఆన్ చేయండి అని. నేను రాత్రంతా అమెరికా వాళ్లకి ఫోన్లో చెప్పేది ఇదే మాట. దీనికి నాకిచ్చే జీతం తక్కువే.

ఇర్వైన్_వాసు (కాలిఫోర్నియా) | 14 జూన్, సాయంత్రం 6:15

ఫోన్ ఎత్తేది మేమే కదా తమ్ముడూ, ఆ మాట విని విని మాకూ నోటికొచ్చేసింది.

ఇక్కడ వార్తల్లో అయితే అవసరమైతే స్టేషన్ ఖాళీ చేయాలేమో అనే దాకా వెళ్లారు. అంత లేదనే నా ఉద్దేశం. షటిల్ అక్కడున్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. అందుకే షటిల్లో అక్కర్లేని కెమెరాలు, లైట్లు ఆపేసి కరెంటు పొదుపు చేస్తున్నారు, ఇంకో రోజు ఎక్కువ ఉండాల్సి వస్తే ఉండొచ్చని.

ఓరుగల్లు_పద్మ | 14 జూన్, రాత్రి 8:40

మా అత్తమ్మ పొద్దటి నుంచి అడుగుతాంది, అది మన మీద పడుతదా అని. ఏం చెప్పాలె?

లెక్కలమాస్టారు | 14 జూన్, రాత్రి 10:05

మీ అత్తగారి వయసు వాళ్లకి ఆ భయం ఊరికే రాలేదమ్మా. 1979 జులైలో అమెరికా వాళ్ల పాత స్పేస్ స్టేషన్ స్కైలాబ్ పడినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన మాస్టర్ని. బాపట్ల దగ్గర పల్లెటూరు. పడేది మన మీదేనని రేడియోలో ఎవరూ అనలేదు, ఊరే అనేసుకుంది. వారం రోజుల్లో ఊళ్లో కోడి అనేది మిగల్లేదు. ఎప్పుడూ పైసా తీయని మనుషులు మేకని కోయించి బంధువుల్ని పిలిచారు. మా ఇంటి ఓనరు అద్దె వద్దు పొమ్మన్నాడు, ఇంకెన్నాళ్లు మాస్టారూ అని. 11వ తేదీ రాత్రి అది హిందూ మహాసముద్రం దాటి ఆస్ట్రేలియాలో పడింది. 12న పొద్దున్నే ఓనరు వచ్చి తలుపు కొట్టాడు, అద్దె కోసం.

ఇందులో తమాషా ఏమిటంటే ఆ స్కైలాబ్‌ని పైకి నెట్టి కాపాడాలని అనుకున్నది ఈ షటిల్‌తోనే. షటిల్ ఆలస్యమై 1981లో గానీ లేవలేదు. సూర్యుడు ముందే అనుకున్నదానికన్నా వేడెక్కి పై గాలి ఉబ్బింది, ఆ రాపిడికి స్కైలాబ్ తొందరగా దిగిపోయింది.

మీ అత్తగారికి చెప్పండి, ఇది పడదు. కోళ్లని బతకనివ్వమనండి.

రాత్రిడ్యూటీ | 16 జూన్, ఉదయం 7:40

నిన్న రాత్రి పదకొండుకి మొదలై పొద్దున ఏడింటి దాకా, ఎనిమిది గంటలకి రెండు నిమిషాలు తక్కువ. ఆఫీసుకి జ్వరం అని చెప్పా. చెప్పింది అబద్ధం, పొద్దున్నకి నిజంగానే వచ్చింది.

బొంత కుట్టేశారు. ఎలాగో చెబితే నమ్మరు. స్టేప్లర్‌తో! షటిల్ మెడికల్ కిట్‌లో గాయాలకి వాడే స్టేప్లర్ ఉంటుంది, అది. ఒలీవాస్ రోబో చేతి చివర కాళ్లు బిగించుకుని తోక దగ్గరికి వెళ్లాడు. లేచిన మూలని ముందు అరచేత్తో కిందికి నొక్కాడు. పక్క బొంతతో కలిపి టక్కు టక్కుమని పిన్నులు. ఇంకో అంచుని పక్కనున్న పెంకులోకి తీగ పిన్నులు గుచ్చి పట్టించాడు. హెల్మెట్ కెమెరాలో అతని గ్లవ్ తప్ప ఇంకేం కనబడదు, వెనకాల భూమి వెళ్లిపోతోంది, మనిషి మాత్రం టైలర్‌లా తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. రెండు గంటలు పట్టింది.

ఓరుగల్లు_పద్మ | 16 జూన్, ఉదయం 8:55

ఆ స్టేప్లర్ నేను రోజూ ఆపరేషన్ థియేటర్‌ల డాక్టర్ చేతికి అందిస్త! తెల్లటి ప్లాస్టిక్‌ది, అరచేతిల పడుతది. కుట్ల కన్నా తొందరగా అయితది. కానీ అంచులు రెండు సమానంగా దగ్గరికి పట్టాలె, పట్టకుంటే పిన్ను ఒక దిక్కే దిగుతది. మాకు పట్టనీకి ఇంకో మనిషి ఉంటరు, ఫోర్సెప్స్‌తోని. ఆయన ఒక్కడే, గా లావు గ్లవ్స్‌తోని, ఎట్ల పట్టిండో!

లెక్కలమాస్టారు | 16 జూన్, ఉదయం 9:30

ఆ గ్లవ్స్ లోపల గాలి నింపి ఉంటుందమ్మా. వేళ్లు ముడిచిన ప్రతిసారీ టెన్నిస్ బంతి పిండినట్టే. ఎనిమిది గంటలు పిండాలి.

సూళ్లూరుపేట_చిన్నోడు | 16 జూన్, ఉదయం 11:25

రికార్డు కొట్టేసింది! ఆడవాళ్లలో ఒకే యాత్రలో ఎక్కువ కాలం అంతరిక్షంలో ఉన్న రికార్డు షానన్ లూసిడ్‌ది, 188 రోజుల 4 గంటలు, 1996 నాటిది. ఇవాళ 11:17కి సునీత దాటేసింది. స్వీట్లు మావి!

రాత్రిడ్యూటీ | 16 జూన్, రాత్రి 7:15

ఇంకో శుభవార్త. కంప్యూటర్లు లేచాయి, నిన్న నాలుగు, ఇవాళ మిగతా రెండు. యూర్చిఖిన్, కోతోవ్ అని ఇద్దరు రష్యన్లు పాపం నిద్ర మానేసి చేశారు. చేసిందేమిటంటే, కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే స్విచ్చు ఒకటి ఉంటే దాన్ని తప్పించి ఒక తీగతో నేరుగా కలిపేశారు. మా వీధిలో ఎలక్ట్రీషియన్ ఫ్యూజు కొట్టేసినప్పుడల్లా చేసేది అదే. ఆయన్ని రేపటి నుంచి గౌరవంగా చూస్తా.

పాయింట్‌బ్లాంక్ | 16 జూన్, రాత్రి 7:50

పది వేల కోట్ల డాలర్ల స్టేషను, తీగ ముక్క, స్టేప్లర్. ఒప్పుకుంటున్నా, ఈ థ్రెడ్ రోజూ చదువుతున్నా.

రాత్రిడ్యూటీ | 18 జూన్, ఉదయం 8:10

నాలుగో స్పేస్‌వాక్ కూడా అయింది, ఫారెస్టర్, స్వాన్సన్. పెద్దగా చెప్పుకోడానికేం లేదు. రెండో దాంట్లోనే వీళ్లిద్దరికీ వింత ఎదురైంది, సోలార్ రెక్కల్ని తిప్పే కీలు దగ్గర రెండు మోటార్లకి వైర్లు తారుమారుగా ఉన్నాయి, ఒకదానికి ఆజ్ఞ ఇస్తే రెండోది వింటోంది. దాని మిగతా పని నిన్న పూర్తి చేశారు. రేపు విడిపోతారు.

లండన్_రవి | 20 జూన్, తెల్లవారుజాము 3:50

ఇక్కడ రాత్రి పదకొండు దాటింది. ఇన్నాళ్లూ చదవడమే, ఇవాళ రాయకుండా ఉండలేక వచ్చా. ఇప్పుడే చూశాను.

నిన్న మీ టైం రాత్రి 8:12కి అట్లాంటిస్ స్టేషన్ నుంచి విడిపోయింది కదా. జూన్‌లో లండన్‌కి పూర్తి చీకటి రాదు, పైగా వారమంతా వాన. మా ఫ్లాట్ వెనక కార్ పార్కులో నిలబడితే మబ్బుల మధ్య ఒక సందు దొరికింది. పడమర నుంచి రెండు చుక్కలు వచ్చాయి. ముందొకటి, వెనకొకటి, మధ్య నా చాచిన చేతి పిడికిలంత దూరం కూడా లేదు. మిణుకు లేదు, చప్పుడు లేదు. రెండూ ఒకే దారిలో ఒకే వేగంతో వెళ్లి తూర్పున మబ్బులోకి దూరాయి. ఒకదాంట్లో ముగ్గురు, ఒకదాంట్లో ఏడుగురు. మా ఆవిడని పిలిచేలోపు అయిపోయింది, దాని మీద ఇప్పుడు ఇంట్లో వేరే పంచాయితీ.

ఓరుగల్లు_పద్మ | 20 జూన్, ఉదయం 7:05

అదృష్టవంతులు. మాకు మొగులు తప్ప ఇంకేం కనబడతలేదు.

రాత్రిడ్యూటీ | 22 జూన్, తెల్లవారుజాము 1:20

ఇవాళ దిగలేదు. ఫ్లోరిడాలో ఉరుములు, మబ్బులు. 11:25కి ఒక అవకాశం, ఒంటిగంటకి ఇంకోటి, రెండూ వదిలేశారు. నేను రెండు రోజులు సెలవు పెట్టా, అందులో ఒకటి వానపాలు.

లెక్కలమాస్టారు | 22 జూన్, ఉదయం 6:30

కంగారొద్దు. షటిల్‌కి దిగేటప్పుడు ఇంజను ఉండదు, గ్లైడరే. రన్‌వే తప్పితే చుట్టు తిరిగి రావడం కుదరదు. అందుకే చుట్టుపక్కల 50 కిలోమీటర్లలో వాన ఉన్నా రమ్మనరు. పెంకులు వాన చినుక్కి కూడా దెబ్బతింటాయి, ఆ వేగంలో చినుకంటే రాయే. ఆదివారం దాకా సరుకులున్నాయి. ఇవాళ కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్స్ ఎయిర్‌ఫోర్స్ బేస్ కూడా సిద్ధంగా ఉంచారు.

వాసు గారూ, మీ ఇంటికి దగ్గరేనా?

ఇర్వైన్_వాసు | 22 జూన్, ఉదయం 9:10

రెండు గంటల డ్రైవ్ మాస్టారూ. లంచ్ టైంలో దిగుతుంది, మీటింగులున్నాయి, వెళ్లలేను. కానీ అటే వస్తే మా నెత్తి మీదుగానే పోవాలి.

రాత్రిడ్యూటీ | 23 జూన్, అర్ధరాత్రి 12:02

ఫ్లోరిడా మొదటి అవకాశం వదిలేశారు. ఎడ్వర్డ్స్ ఖాయం. అందరూ ఉన్నారా?

సూళ్లూరుపేట_చిన్నోడు | 23 జూన్, 12:04

ఉన్నా. నాన్న కూడా ఉన్నారు. జనవరిలో మన ఇస్రో క్యాప్సూల్ ఎస్‌ఆర్‌ఈ 12 రోజులు తిరిగి బంగాళాఖాతంలో పడినప్పుడు ఇలాగే కూర్చున్నాం. అందులో మనుషులు లేరు కాబట్టి పకోడీలు తిన్నాం. ఇవాళ ఎవరికీ దిగడం లేదు.

లెక్కలమాస్టారు | 23 జూన్, 12:20

పైన కక్ష్యలోనే ఇంజన్లు వెలిగించి ఆపారు. తోక ముందుకి పెట్టి, వెనక్కి ప్రయాణిస్తూ మండిస్తారు. తగ్గించేది గంటకి 300 కిలోమీటర్ల చిల్లరే, 28 వేలలో అదెంత. కానీ అది చాలు, ఇక ఆగడం ఎవరి చేతిలోనూ లేదు. ఇంక గంట.

ఓరుగల్లు_పద్మ | 23 జూన్, 12:31

సునీత సీట్ల కూసుంటదా?

లెక్కలమాస్టారు | 23 జూన్, 12:34

కింది అరలో పడుకుని వస్తుందమ్మా. ఆరు నెలలు బరువు లేకుండా ఉన్న మనిషిని నిటారుగా కూర్చోబెట్టి ఒక్కసారి బరువు మోయిస్తే నెత్తురు కాళ్లకి దిగి కళ్లు తిరుగుతాయి.

రాత్రిడ్యూటీ | 23 జూన్, 12:50

గాలిలోకి వచ్చారు. 122 కిలోమీటర్ల ఎత్తు. స్క్రీన్ మీద మ్యాపు, మ్యాపు మీద చిన్న త్రికోణం, పసిఫిక్ మీద జరుగుతోంది. బొమ్మ లేదు. మాటలు మాత్రం వినబడుతున్నాయి.

కొలంబియా మాట ఆగింది దిగడానికి 16 నిమిషాల ముందు. ఇవాళ లెక్కేస్తే ఆ టైం 1:03. కాగితం మీద రాసుకున్నా.

రాత్రిడ్యూటీ | 23 జూన్, 1:03

మాట్లాడుతున్నారు.

రాత్రిడ్యూటీ | 23 జూన్, 1:05

ఇంకా మాట్లాడుతున్నారు. హ్యూస్టన్ ఏదో అంటే కమాండర్ స్టర్కో బదులిచ్చాడు. ఏమన్నాడో అర్థం కాలేదు, అక్కర్లేదు. అమ్మ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది, నాదో తనదో తెలీదు వణుకుతోంది.

సూళ్లూరుపేట_చిన్నోడు | 23 జూన్, 1:12

నాకు వీడియో తిరుగుతూనే ఉంది, ఎవరైనా రాయండి ప్లీజ్

ఇర్వైన్_వాసు | 23 జూన్, 1:16

ధడ్ ధడ్! రెండు! వచ్చేసింది, మా మీదుగా పోయింది! ఆఫీసు అద్దాలన్నీ కొట్టుకున్నాయి. మా మేనేజర్ భూకంపం అనుకుని టేబుల్ కిందికి వంగాడు. కిటికీ దగ్గరికి పరిగెత్తా, కంటికి ఏమీ కనబడలేదు, కానీ ధ్వని కన్నా వేగంగా పోతూ అది చప్పుడు చేసిందంటే ఒక్క ముక్కగానే ఉంది. తమ్ముడూ, ఒక్క ముక్కగానే ఉంది!

రాత్రిడ్యూటీ | 23 జూన్, 1:17

మీరు చెప్పాకే నాకు బొమ్మ వచ్చింది. తెల్లటి చుక్క. నీలం ఆకాశం.

లెక్కలమాస్టారు | 23 జూన్, 1:21

1:19:38. వెనక చక్రాలు, పారాచూట్, ముక్కు చక్రం, ఆగింది. 13 రోజుల 20 గంటలు. సునీతకైతే 195 రోజులకి కొంచెం తక్కువ.

ఓరుగల్లు_పద్మ | 23 జూన్, 1:22

అత్తమ్మని లేపి చెప్పిన. “కోళ్లున్నయి కదా” అని మళ్ల పడుకుంది.

రాత్రిడ్యూటీ | 23 జూన్, 1:40

చూశా. మొత్తం చూశా. అమ్మ పాలు కాచడానికి వెళ్లింది, ఈ టైంలో.

సూళ్లూరుపేట_చిన్నోడు | 23 జూన్, ఉదయం 10:15

నిద్ర లేచాక వచ్చిన డౌటు. అది కాలిఫోర్నియాలో ఉంది, మళ్లీ ఎగరాల్సింది ఫ్లోరిడా నుంచి. ఎలా తీసుకెళ్తారు? లారీలోనా?

లెక్కలమాస్టారు | 23 జూన్, ఉదయం 10:50

747 విమానం వీపు మీద ఎక్కించి. దారిలో వాన తగలకుండా చూసుకుంటూ, ఆగుతూ ఆగుతూ. ఆ ఖర్చే 17 లక్షల డాలర్లు అంటారు. అందుకే ఫ్లోరిడా ఫ్లోరిడా అని అంత పట్టుబట్టేది.

పాయింట్‌బ్లాంక్ | 23 జూన్, ఉదయం 11:30

తర్వాతది ఎప్పుడు? ఊరికే అడుగుతున్నా.

రాత్రిడ్యూటీ | 23 జూన్, సాయంత్రం 5:20

ఆగస్టులో ఇంకో షటిల్, ఎండీవర్. యాత్ర పేరు ఎస్‌టీఎస్-118. మాస్టారూ, ఇది మీకోసమే. అందులో బార్బరా మోర్గన్ వెళ్తోంది, బడిపంతులమ్మ. 1986లో లేచిన కాసేపటికే పేలిపోయిన ఛాలెంజర్ షటిల్లో వెళ్లిన క్రిస్టా మెకాలిఫ్ అనే టీచర్‌కి అప్పట్లో ఈవిడే ప్రత్యామ్నాయం. ఇరవై ఒక్క ఏళ్లు ఆగింది.

లెక్కలమాస్టారు | 23 జూన్, సాయంత్రం 6:05

తెలుసు నాయనా. ఛాలెంజర్ రోజు మా స్కూల్లో తొమ్మిదో తరగతికి ఆ టీచరమ్మ గురించి పాఠం చెబుదామని కాగితం ముక్కలు కత్తిరించి పెట్టుకున్నా. మర్నాడు చెప్పలేదు. ఆ కాగితాలు ఏ పుస్తకంలో పెట్టానో వెతకాలి.

థ్రెడ్ నువ్వే తెరువు. టైం ముందే చెప్పు, మధ్యాహ్నం కాస్త పడుకుంటాను.